అనంతపురం నుంచి అంగ్‌కోర్ వాట్‌కు: గోడల మీది భారతం చదివి రావడం ఎలా?

కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడికి వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లు అడిగి చూడండి. అందరి దగ్గరా ఒకటే ఫొటో. కొలను నీళ్లలో గోపురాల నీడ, వెనక ఎర్రటి ఆకాశం. లోపల ఏం చూశారంటే మాత్రం "పెద్ద గుడి, బాగుంది, ఉక్క ఎక్కువ" అంటారు. ఆ గుడి గోడల మీద అరకిలోమీటరుకు పైగా భారతం, రామాయణం, భాగవతం చెక్కి ఉన్నాయి. వాటి పక్కనుంచి సెల్ఫీలు తీసుకుంటూ నడిచి వచ్చేయడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. వేరే దేశాలవాళ్లు గైడుకు డబ్బులిచ్చి "ఈ పది తలలాయన ఎవరు?" అని అడిగి తెలుసుకోవాలి. మనకు ఆ కథలు చిన్నప్పుడే అవ్వ చెప్పేసింది. ఇక తెలియాల్సిందల్లా ఏ కథ ఏ గోడ మీద ఉంది, ఎటు నుంచి మొదలుపెట్టాలి అన్నదే. అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి బయల్దేరేవాళ్ల కోసం మొదటి నుంచీ చెప్తాను.

ముందు తాడిపత్రి వెళ్లండి

వీసాకు, టికెట్లకు ముందే చేయాల్సిన పని ఇది. ఒక ఆదివారం తాడిపత్రి వెళ్లి చింతల వెంకటరమణస్వామి గుడి చుట్టూ నిదానంగా తిరగండి. గోడల మీద రామాయణ, భాగవత ఘట్టాలు వరసగా ఉంటాయి. ఎవరినీ అడక్కుండా ఎన్ని గుర్తుపట్టగలరో చూసుకోండి. పిల్లలుంటే పందెం పెట్టండి. వాలిసుగ్రీవులు ఎక్కడ, మాయలేడి ఎక్కడ, గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు ఎక్కడ అని. శిల్పంలో మనిషిని ముఖం చూసి గుర్తుపట్టలేం. చేతిలో ఏముంది, ఎక్కిన వాహనం ఏది, తలలెన్ని, పక్కన ఎవరున్నారు, ఇవీ ఆనవాళ్లు. ఈ అలవాటు ఇక్కడ పడితే అక్కడ పనికొస్తుంది.

తాడిపత్రి దూరమైతే లేపాక్షి పైకప్పు బొమ్మలు చూడండి. కడపవాళ్లకు పుష్పగిరి, కర్నూలువాళ్లకు శ్రీశైలం ప్రాకారం గోడ ఉన్నాయి. మన దగ్గర ఉన్నవాటిలో చాలావరకు విజయనగర కాలంవి. అంగ్‌కోర్ వాట్ అంతకన్నా పాతది. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ అనే ఖ్మేర్ రాజు విష్ణువు కోసం కట్టించాడు. తర్వాతి కాలంలో బౌద్ధులది అయింది, ఈరోజుకీ అక్కడ పూజలు జరుగుతున్నాయి. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. సంక్రాంతి సెలవులు సరిగ్గా కుదురుతాయి, కాకపోతే జనం కూడా అప్పుడే ఎక్కువ. మార్చి నుంచి మే వరకు వద్దంటాను. "అనంతపురం ఎండలు చూసినోళ్లం, మాకేమవుతుంది" అనుకోకండి. మనది పొడి ఎండ, నీడలోకి వస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడిది ఉక్క. నీడలో నిలబడ్డా చొక్కా తడిసిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. వానల్లో కందకాలు నిండి పచ్చగా ఉంటుంది, జనం తక్కువ, గదుల అద్దెలూ తక్కువ. తడవడానికి ఇబ్బంది లేనివాళ్లకు అదీ మంచి కాలమే.

తేదీలు ఖాయం చేసుకునే ముందు ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండర్ ఒకసారి చూడండి. అంగ్‌కోర్ వాట్‌లో అన్నిటికంటే పైనున్న మూడో అంతస్తును బకాన్ అంటారు. బౌద్ధుల పుణ్యదినాల్లో, అంటే పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టముల్లో, దాన్ని మూసేస్తారు. వాళ్ల లెక్కకూ మన లెక్కకూ ఒకరోజు తేడా రావచ్చు కాబట్టి ఆ తిథులకు ముందురోజు, తర్వాతిరోజు కూడా అంగ్‌కోర్ వాట్ పెట్టుకోకండి. మిగతా గుళ్లకు ఈ ఇబ్బంది లేదు.

విమానం, వీసా

మన జిల్లాలవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లిలో, ఊరికి ఉత్తరాన, అంటే మన వైపే ఉంది. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే బెంగళూరు ట్రాఫిక్‌లో అడుగు పెట్టకుండానే చేరుకోవచ్చు. కర్నూలువాళ్లకు శంషాబాద్ కూడా అంతే, అదే రహదారి మీద హైదరాబాద్‌కు ఇవతలే. కడపవాళ్లు చెన్నై, బెంగళూరు రెండూ చూసి టికెట్ ఎక్కడ చవకైతే అక్కడి నుంచి ఎక్కండి.

దిగాల్సిన ఊరు సియెం రీప్. బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ లాంటి చోట మారి వెళ్లాలి. బ్యాంకాక్ మీదుగా తీసుకుంటే ఒక్క విషయం గట్టిగా చూసుకోండి. అక్కడ రెండు విమానాశ్రయాలున్నాయి, సువర్ణభూమి, డాన్ ముయాంగ్. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కే టికెట్ చవగ్గా కనబడుతుంది. కానీ మధ్యలో థాయ్ ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, ఊరి ట్రాఫిక్‌లో పడి పోవాలి. మిగిలేదేమీ ఉండదు, టెన్షన్ తప్ప. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి.

బ్యాంకాక్ నుంచి బస్సులో సరిహద్దు దాటొచ్చని చెప్పే పాత వీడియోలు నమ్మి ప్లాన్ వేయకండి. 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య సరిహద్దులో ఘర్షణలు జరిగాయి, రోడ్డు దారులు మూశారు. విమానంలోనే వెళ్లండి. బుక్ చేసే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఏమున్నాయో ఒకసారి చదవండి.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. టూరిస్టు ఈ-వీసా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, 30 డాలర్ల పైచిలుకు అవుతుంది, 30 రోజులు ఉండనిస్తారు. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చే సైట్లలో సగం దళారులవే, రెట్టింపు గుంజుతాయి. చిరునామా చివర "డాట్ గవ్ డాట్ కేహెచ్" ఉంటేనే అది ప్రభుత్వానిది. ఇది కాక ప్రయాణానికి ముందు వారం లోపల ఈ-అరైవల్ ఫారం కూడా ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు.

మన దగ్గర ఇమిగ్రేషన్ కౌంటర్‌లో కంబోడియా అనగానే కాస్త ఎక్కువ ప్రశ్నలు వేయవచ్చు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లను. కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతిలో మన తెలుగు పిల్లలు చాలామంది చిక్కారు. 2024లో విశాఖ పోలీసులు అలాంటి ఏజెంట్లను అరెస్టు చేశారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో పెట్టుకోండి. నిదానంగా జవాబు చెప్తే పంపేస్తారు. మీ ఊళ్లో ఎవరైనా "టికెట్ మేమే పెడతాం, కంబోడియాలో ఉద్యోగం" అంటున్నారంటే ఆ మాటే పోలీసులకు చెప్పండి.

డబ్బు, బట్టలు, తిండి

అక్కడ డాలర్లే నడుస్తాయి. చిల్లర మాత్రం వాళ్ల రియెల్‌లో ఇస్తారు, డాలరుకు 4,000 అటూఇటూగా. అధికారిక మనీ ఛేంజర్ దగ్గర డాలర్లు తీసుకునేటప్పుడు ఒక్కో నోటూ వెలుతురులో పట్టుకుని చూడండి. అంచున చిన్న చిరుగున్నా, పెన్ను గీత ఉన్నా అక్కడ కూరగాయల ఆవిడ కూడా తీసుకోదు. 1, 5, 10 డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. షార్ట్స్, చేతుల్లేని బనియన్లతో బకాన్ మెట్లు ఎక్కనివ్వరు. పైన చున్నీ కప్పుకున్నా కొన్నిసార్లు ఒప్పుకోరు. పల్చటి నూలు చొక్కా, వదులు ప్యాంటు చాలు. చీర కట్టుకుని వెళ్లాలని ఆడవాళ్లకు ఉంటుంది, ఫొటోలకు బాగుంటుంది కూడా. కానీ బకాన్ మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉంటాయి. ఆ ఒక్కరోజు చుడీదారే నయం. 12 ఏళ్ల లోపు పిల్లల్ని ఆ పైకి పంపరు, కాబట్టి కింద ఒకరు ఉండాలి, వంతులు వేసుకోండి.

వాళ్ల వంటలో చేపల సాస్ లేని కూర అరుదు. కూరగాయల వంటకం అని తెచ్చినదాంట్లో కూడా అది ఉండవచ్చు. శాకాహారులు వంట మొదలుపెట్టక ముందే చెప్పాలి. సియెం రీప్‌లో ఇండియన్ హోటళ్లున్నాయి, రాత్రి భోజనానికి ఇబ్బంది లేదు. పగలు గుళ్ల మధ్య తిరిగేటప్పుడే కష్టం. నిప్పట్లు, బొరుగులు, డబ్బాలో బుడ్డల పొడి పెట్టుకుంటే అక్కడి అన్నంలో కలుపుకుని తినేయవచ్చు. గుళ్ల దగ్గర కోతులున్నాయి. కవరు చప్పుడు వినబడితే చాలు, వచ్చేస్తాయి.

ఒక మాట పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి. అక్కడ కొబ్బరికాయ కొట్టడం, కర్పూరం వెలిగించడం, శిల్పాలకు పసుపు కుంకుమ పూయడం కుదరదు. విష్ణువు కనబడగానే మా అమ్మలాంటివాళ్ల చెయ్యి సంచిలో కుంకుమ భరిణె కోసం వెళ్లిపోతుంది. ఆ భరిణె హోటల్లోనే వదిలిపెట్టించండి. దండం పెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పడమటి గోపురంలో కుడిచేతి వైపుకు వెళ్తే ఎనిమిది చేతుల పెద్ద విష్ణుమూర్తి ఉంటాడు. అక్కడివాళ్లు తా రీచ్ అని పిలుస్తారు, ఇప్పటికీ మొక్కుకుంటారు. మీ మొక్కు అక్కడ చెల్లించుకోండి. లోపల ఎవరైనా వచ్చి చేతిలో అగరొత్తులు పెడితే మాత్రం వద్దని చెప్పండి, తర్వాత కానుక అడుగుతారు.

టికెట్టు, ఆటో

అంగ్‌కోర్ పాసు మూడు రకాలు. ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజులది తీసుకోండి. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా తిరగాల్సిన పనిలేదు. ఒక్క రోజులో అన్నీ చుట్టేస్తామనేవాళ్లకు మధ్యాహ్నానికల్లా రాళ్లన్నీ ఒకేలా కనబడతాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు కానీ పాస్‌పోర్టు చూపించాలి. పాసు మీద మీ ఫొటో ఉంటుంది, ప్రతి గుడి దగ్గరా చూస్తారు. మీరు చేరిన రోజు సాయంత్రం 5 గంటల ప్రాంతంలో కౌంటర్‌కు వెళ్లి మరుసటి రోజు నుంచి చెల్లే పాసు తీసుకుంటే, ఆ సాయంత్రం కూడా లోపలికి వదులుతారు. అది లెక్కలోకి రాదు.

తిరగడానికి టుక్‌టుక్ మాట్లాడుకోండి. మన ఆటోలాగా కాదు, బైకు వెనక బండి తగిలించి ఉంటుంది. రోజంతటికీ 15 నుంచి 25 డాలర్లు, దూరాన్ని బట్టి. గ్రాబ్ యాప్ పనిచేస్తుంది, బేరం తెలియనివాళ్లకు అదే మేలు. మొదటిరోజు డ్రైవరు నచ్చితే మూడు రోజులకూ ఆయన్నే పెట్టుకోండి.

మొదటిరోజు: బాయన్, తా ప్రోమ్

అందరూ మొదటిరోజే అంగ్‌కోర్ వాట్‌కు పరిగెత్తుతారు. మీరు రెండోరోజుకు పెట్టుకోండి. ఉక్కకు ఒళ్లు అలవాటు పడాలి, కళ్లూ అలవాటు పడాలి.

అంగ్‌కోర్ థోమ్ అనే పాత కోట నగరం దక్షిణ ద్వారం దగ్గర బండి ఆపించి దిగి నడవండి. వంతెనకు ఒకవైపు 54 మంది దేవతలు, రెండోవైపు 54 మంది రాక్షసులు నాగుపామును పట్టుకుని వరసగా ఉంటారు. లోపల బాయన్ గుడి గోపురాల మీద నాలుగు వైపులా పెద్ద ముఖాలు. ఏడో జయవర్మ కట్టించాడు. ముఖాలు చూశాక కింది గోడలు వదలకండి. పురాణం కాదు, ఊరి బతుకు ఉంటుంది అక్కడ. సంతలో తక్కెడ పట్టుకున్న ఆడవాళ్లు, వంటలు, కోడిపందేలు, తోన్లే సాప్ సరస్సులో పొరుగు రాజ్యపు చామ్ సైన్యంతో పడవల మీద యుద్ధం.

తా ప్రోమ్ గుడిని 1186లో జయవర్మ తల్లి పేరిట ప్రతిష్ఠించారు. చెట్ల వేళ్లు గోడల్ని పట్టుకుని పెరిగాయి. మరమ్మతు పనుల్లో మన భారత పురావస్తు శాఖవాళ్లూ ఉన్నారు, బోర్డు మీద మన జెండా చూడవచ్చు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడినవాళ్లకు చెట్టు సత్తా ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండోరోజు: గుడిని ఎడమచేతి వైపు పెట్టుకుని నడవండి

సూర్యోదయం కావాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా హోటల్ వదలాలి, ఐదింటికి లోపలికి పంపుతారు. కొలను ముందు జనం గుంపులుగా ఉంటారు. చూడండి, ఫొటో తీసుకోండి, నేనేమీ కాదనను. అసలు లాభం ఆ తర్వాత ఉంది. సూర్యుడు వచ్చాక సగం మంది టిఫిన్లకు హోటళ్లకు వెళ్లిపోతారు. మీ టిఫిన్ సంచిలో ఉంది కదా. రెండు నిప్పట్లు నమిలి నీళ్లు తాగి నేరుగా మొదటి అంతస్తు వరండాల్లోకి వెళ్లండి. బకాన్ మెట్ల దగ్గర క్యూ చిన్నగా ఉంటే ముందు అది ముగించుకోండి.

మన కాళ్లు గుడిలో తమంతట తామే ఎడమవైపుకు తిరుగుతాయి, అంటే గర్భగుడి కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణ చేస్తాం. ఇక్కడ అలా వెళ్తే కథలు తిరగబడతాయి. ఈ గోడలు అప్రదక్షిణంగా చదవడానికి చెక్కినవి. గుడి ముఖం కూడా పడమరకు ఉంది. ఇది రాజుకు మరణానంతర ఆలయంగా కట్టడం వల్లే ఇలా ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి పడమటి వాకిలి నుంచి లోపలికి వచ్చి కుడిచేతి వైపు వరండాలోకి తిరగండి. గోడ ఎడమచేతి వైపు ఉండాలి.

మొదటి గోడ కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు వస్తారు. రెండు చివర్లా సైనికులు కవాతులో వరసగా, అడుగులో అడుగు వేస్తూ ఉంటారు. మధ్యకు వచ్చేకొద్దీ వరసలు చెదిరిపోతాయి. నడిమధ్యన ఎవరి కాలు ఎవరిదో, ఎవరి బాణం ఎవరిదో తెలియదు. ఎడమ సగంలో పైభాగాన పడుకున్న మనిషిని వెతకండి. ఒళ్లంతా బాణాలు, చుట్టూ మనుషులు. భీష్ముడు. ఇంకాస్త ముందుకు వెళ్తే నాలుగు చేతుల సారథి ఉన్న రథం. ఎవరి రథమో నేను చెప్పక్కర్లేదు. కొన్నిచోట్ల రాయి నల్లగా, నున్నగా మెరుస్తుంటుంది. ఏళ్ల తరబడి జనం చేతులు రాసి రాసి అలా అయింది. మీరు చెయ్యి పెట్టకండి.

మూల మండపంలో వాలి వధ, గోవర్ధనం ఉన్నాయి. కాస్త చీకటిగా ఉంటుంది, ఫోన్ లైటు శిల్పానికి పక్కనుంచి పడేలా పట్టుకోండి. అది దాటితే సూర్యవర్మ ఊరేగింపు. రాజును గుర్తుపట్టడానికి గొడుగులు చూడండి, ఎవరి మీద ఎక్కువ ఉంటే ఆయనే. తర్వాత స్వర్గనరకాలు. గేదె మీద బోలెడు చేతులతో యముడు, పక్కన చిత్రగుప్తుడు, కింది వరసలో శిక్షలు. పిల్లలు ఇక్కడి నుంచి కదలరు.

తూర్పు వరండా మొదట్లో సముద్ర మథనం. దాదాపు 49 మీటర్ల గోడ. ఇక్కడ కనీసం అరగంట ఉండండి. ఎడమ పక్క 92 మంది అసురులు, కుడి పక్క 88 మంది దేవతలు, చేతుల్లో వాసుకి. గుండ్రటి కళ్లు, తల మీద జుట్టులాంటి శిరస్త్రాణం ఉంటే అసురుడు. కోలకళ్లు, మొనతేలిన కిరీటం ఉంటే దేవత. మధ్యలో మందరం, కింద కూర్మం, ముందు విష్ణువు. ఇప్పుడు కింద నీళ్లలోకి చూడండి. చివర్లలో చేపలు, మొసళ్లు మామూలుగా ఈదుతుంటాయి. కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ సుడికి రెండు ముక్కలై ఉంటాయి. ఇది ఏ పురాణంలోనూ విడిగా చెప్పినట్టు నేను వినలేదు, ఆ శిల్పి ఎవరో సొంతంగా ఆలోచించి ఉండాలి. దేవతల వరస చివర తోక పట్టుకుని పెద్ద కోతి కనబడుతుంది. మన కథలో సాగర మథనానికి హనుమంతుడు రాడు కదా అని మీ పిల్లలు అడిగితే, వాళ్లు తాడిపత్రి పాఠం బాగా నేర్చుకున్నట్టే.

ఉత్తరం వైపు గోడలు కొన్ని 16వ శతాబ్దంలో చెక్కినవి. పని అంత నాజూకుగా ఉండదు, త్వరగా దాటొచ్చు. ఉషా పరిణయం తెలిసినవాళ్లు మాత్రం బాణాసురుడి గోడ దగ్గర ఆగండి. కృష్ణుడు శివుడి ముందు మోకరిల్లి ఉంటాడు, పక్కన వినాయకుడు కూడా. చివరగా పడమరకు తిరిగి వస్తే లంకా యుద్ధం. హనుమంతుడి భుజాల మీద నిలబడి రాముడు బాణం వేస్తుంటాడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు. రావణుడి తలలు గోపురంలా పేర్చి ఉంటాయి. పడమటి వరండాలకు మధ్యాహ్నం తర్వాతే ఎండ పడుతుంది. ఫొటోలకు కావాలంటే భోజనం చేసి, కునుకు తీసి మూడున్నరకు మళ్లీ రండి.

మూడోరోజు: బాంటియే శ్రీ

ఊరి నుంచి గంటకు పైగా ప్రయాణం. చిన్న గుడి, 967లో ప్రతిష్ఠించారు. కట్టించింది రాజు కాదు, రాజగురువు యజ్ఞవరాహుడు. గులాబీ రంగు ఇసుకరాయి, చెక్కడం చెక్క మీద చేసినంత సన్నగా ఉంటుంది. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, ఖాండవ వనం మీద వాన, కంసవధ, వాలిసుగ్రీవుల కుస్తీ, అన్నీ తల ఎత్తి చూడాల్సినవి, మెడ నొప్పి ఖాయం. అహోబిలం వెళ్లినవాళ్లు నరసింహుణ్ణి వెతకండి, ఉన్నాడు. 1923లో ఆంద్రే మాల్రో అనే ఫ్రెంచ్ యువకుడు ఇక్కడి శిల్పాలు ఊడబెరికి పట్టుకుపోబోయి దొరికిపోయాడు. ఆయనే తర్వాత ఫ్రాన్స్‌కు సాంస్కృతిక మంత్రి అయ్యాడు!

ఏడున్నరకు తెరుస్తారు, ఆ వేళకే అక్కడుండండి. పది తర్వాత టూరు బస్సులు దిగుతాయి, గుడేమో ఇంత. పల్లెల వైపు దారిలో బాట వదిలి పొదల్లోకి వెళ్లకండి, యుద్ధకాలంలో పాతిన మందుపాతరలు ఆ దేశంలో ఇంకా పూర్తిగా తీయలేదు. గుళ్ల దగ్గర పిల్లలు పోస్టుకార్డులు, గాజులు అమ్మడానికి వస్తారు. జాలేస్తుంది, కానీ కొంటే బడి మానేసి అక్కడే ఉంటారు. కొనాలనుకుంటే పెద్దవాళ్ల దగ్గర కొనండి.

ఆ సాయంత్రం ఖాళీ. సియెం రీప్‌లో తోలుబొమ్మలాట ఎక్కడ ఆడుతున్నారో హోటల్లో అడగండి. వాళ్లదీ రామాయణమే, రామ్‌కేర్ అంటారు. స్బెక్ థోమ్ అనే రకంలో బొమ్మకు కీళ్లుండవు, ఒక పెద్ద తోలులోనే ఘట్టమంతా కోసి ఉంటుంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆడించేవాడే నాట్యం చేస్తాడు. ధర్మవరం పక్క నిమ్మలకుంట బొమ్మలు చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణం రోజు

2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లు దాటి ఉంది. పాత బ్లాగుల్లో రాసే పావుగంట లెక్క పాత విమానాశ్రయానిది, అది మూసేశారు. విమానానికి నాలుగు గంటల ముందే హోటల్ వదలండి, కారు ముందురోజే మాట్లాడుకోండి. పాత రాతి విగ్రహం అని ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకండి, నిజమైనదైతే నేరం, కాకపోతే మోసం. మిగిలిన రియెల్ నోట్లు మన దగ్గర ఏ ఛేంజరూ తీసుకోడు. విమానాశ్రయంలోనే మిరియాల పొట్లాలు కొనేయండి, కాంపోత్ మిరియాలకు మంచి పేరుంది.